సుగుణ మెడలో రాజవ్వ గొలుసు

నిన్న పొద్దున చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే కోదాడ నుంచి ఫోన్. సుగుణ మనవరాలు.

"అమ్మమ్మ లేదు" అంది.

ఏ ఊరికి పోయిందని అడిగాను. బుర్ర అంతగా మొద్దుబారింది.

నిద్రలోనే హార్ట్ ఎటాక్ అట. మొన్న సాయంత్రమే నా మోకాళ్ల నొప్పులకు ఏదో కషాయం చెప్పి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టింది. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

సుగుణ, నేను సూర్యాపేటలో పక్కపక్క ఇళ్లలో పెరిగాం. వాళ్ల అమ్మానాన్న కూలికి పోయేవాళ్లు. తనకు టీచర్ కావాలని ఆశ.

డెబ్బైల మొదట్లో ఒక బట్టల షాపులో జాకెట్ గుడ్డ తీసి ఓణీ కింద దాచుకుంది. పట్టుకున్నారు. కేసయింది.

ఈ సంగతి ఇప్పుడెందుకు అంటారేమో. ఇన్నేళ్లూ ఆమె వెనక గుసగుసలాడుకున్నది ఇదే కదా. ఈ ఒక్కసారి మొత్తం వినండి.

జడ్జి వెంటనే శిక్ష వేయలేదు. పిల్ల ఎట్లాంటిది, ఇల్లు ఎట్లాంటిది విచారించమని ప్రొబేషన్ ఆఫీసర్‌కు చెప్పాడు. ఆయన మంచి రిపోర్ట్ రాస్తే మందలించి వదిలేస్తారు. లేకపోతే జైలు.

ఇంటికొచ్చి, ఆడపిల్లను కూర్చోబెట్టి, ప్రశ్నలు అడిగి వెళ్లే పెద్దమనుషులంటే సుగుణ వాళ్ల అమ్మకు తెలిసింది ఒక్కటే. పెళ్లిచూపులు.

పాపం, అట్లాగే తయారుచేసింది. గోడలకు సున్నం. ఎవరింట్లోవో కుర్చీలు. మా అమ్మ పట్టుచీర. ఎదురింటి రాజవ్వ బంగారు గొలుసు.

"మంచిగ బతికినోళ్ల లెక్క కనవడాలె బిడ్డా" అంటూ ఇల్లంతా తిరిగింది.

చీర నేనే కట్టాను. సుగుణ నా చెయ్యి పట్టుకుంది.

"నన్ను జైలుకు పంపుతరానే?" అని అడిగింది.

"ఏం కాదు. తల దించుకొని కూసో" అన్నాను, నాకేదో తెలిసినట్టు.

ఆఫీసర్ వచ్చాడు. కుర్చీలో కూర్చుని సుగుణ మెడలో గొలుసు చూశాడు. తర్వాత వాళ్లమ్మ మెడలో ఉత్త పసుపుతాడు చూశాడు.

"ఈ గొలుసు ఎవరిది?"

"మాదే సారూ" అంది వాళ్లమ్మ.

"చీర?"

"అది గూడ మాదే."

ఆయన పెన్ను మూసేశాడు. కూలి చేసుకునే ఇల్లు, దొంగతనం కేసున్న పిల్ల, ఒంటి మీద బంగారం. ఎవరైనా ఏమనుకుంటారు? అరువు సొమ్ము బరువు చేటని ఊరికే అనలేదు పెద్దలు.

సుగుణ గొలుసు తీసి ఆయన ముందు పెట్టింది.

"గిది ఎదురింటి రాజవ్వది సారు. చీర గీ పిల్ల వాళ్లమ్మది. మాయి కావు. జాకెట్ గుడ్డ మాత్రం నేనే తీసిన. మనసు ఆగలే. తప్పయింది."

వాళ్లమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. ఆఫీసర్ వీధి దాటి పోయి రాజవ్వను అడిగాడు. తనదేనని చెప్పింది.

మంచి రిపోర్టే రాశాడు. జడ్జి మందలించి వదిలేశాడు. ఇంటికొచ్చి ఇద్దరం పట్టుకుని ఏడ్చాం. ఇక ఖతం అనుకున్నాం.

రాజవ్వ మాత్రం ఆ గొలుసును మా కళ్ల ముందే పసుపునీళ్లలో కడిగి వేసుకుంది.

కోర్టు వదిలింది కానీ ఊరు వదల్లేదు. ట్రైనింగ్‌కు అప్లై చెయ్యవే అంటే, "పిల్లల ముందట ఎవలన్న అంటే ఏం జెయ్యాలె" అనేది. పెళ్లయి కోదాడ పోయింది. ఆమె కంటే ముందే ఆ మాట అక్కడికి చేరింది.

టీచర్ కావలసిన మనిషి బతుకంతా మిషన్ కుట్టింది. నాకు ఇప్పటికీ మండుతుంది.

నిన్న నేను వెళ్లేసరికి ఆమెను వరండాలో పడుకోబెట్టారు. మిషన్ పక్కన కుట్టిన జాకెట్లు మడతపెట్టి ఉన్నాయి. ప్రతి జాకెట్‌కూ దాని మిగులు గుడ్డ, వేలెడంత పీలికలతో సహా, మూటగట్టి పిన్ను పెట్టి ఉంది.

ఎవరూ అడగకముందే అప్పజెప్పడం అలవాటట. మనవరాలు చెప్పింది.

ఇంక నిన్ను ఎవరూ ఏమీ అడగరు సుగుణా. నెమ్మదిగా పడుకో తల్లీ.