తాతయ్య పట్టీకి పేటెంటు

మా తాతయ్య నడుముకు పట్టీ బిగించాడంటే చాలు, నీళ్ల గొట్టాలు వాటంతటవే లేచొచ్చి ఆయన భుజమెక్కుతాయి! తాతయ్య ప్లంబరు. బరువైన గొట్టాన్ని ఒక్కడే మోసేందుకు కొక్కెమున్న తోలుపట్టీ ఒకటి తయారుచేశాడు. పేటెంటు కోసం వెళ్తే లాయరమ్మ, "ఇలాంటిది ఇంకెక్కడా లేదు. కానీ మీరే ముందుగా నలుగురికీ చూపించేసి ఉంటే పేటెంటు రాదు" అంది.

అమ్మమ్మ అందుకుంది. "ఎవరు చూస్తారమ్మా? జీను కట్టిన గుర్రంలా ఉన్నావని నేను నవ్వినప్పటి నుంచి, పనికెళ్లిన ఇళ్లలో కూడా గడియ పెట్టుకునే కట్టుకుంటున్నాడు."

"ఇంట్లోవాళ్లు చూస్తే ఫరవాలేదు. దరఖాస్తు వేసేద్దాం" అంది లాయరమ్మ. తాతయ్య ప్రాణం లేచొచ్చింది.

"అయితే తాతయ్యా, వీధంతా చాటింపు వేసెయ్యనా?" అన్నాను.

"దరఖాస్తు పడేదాకా నువ్వు పళ్లు తోముకోవడానికి తప్ప నోరు తెరవకు!"