మోత పనోళ్ళకి విందు పెట్టిన టీచరమ్మ

ఎస్తేరు టీచరు గారు పోయారన్న కబురు మద్దిలపాలెంలో బస్సు కోసం నిలబడి ఉండగా ఫోనులో విన్నాను. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది, నేను ఎక్కలేదు. "ప్రభువునందు నిద్రించారు" అని చర్చి వాళ్ళు బోర్డు మీద రాశారు. ఆవిడ నిద్రపోవడం మా పోర్టు కాలనీలో ఎవరూ చూడలేదు. తెల్లారకముందే వాకిట్లో పాట, పొద్దు వాలాక అరుగు మీద చదువు. అలాంటి మనిషి నిశ్చలంగా పడుకుని ఉంటే నాకు ముందు నమ్మకం కలగలేదు, తరవాత కోపం వచ్చింది.

సంతాప సభలో ఆవిణ్ణి శాంతమూర్తి అన్నారు. శాంతమూ కాదు, మూర్తీ కాదు. ఆవిడ కేకేస్తే పక్క వీధిలో కుళాయి కట్టేసేవారు. మనవలు పుట్టాక నాకు అక్షరాలు నేర్పింది ఆవిడే. నా చెయ్యి వణికితే, "ఇంతింత సేపలు కోసిన సెయ్యి, బలపానికి బయపడతందేటి నరసమ్మా" అని నవ్వేవారు. ఈ నాలుగు ముక్కలూ ఆ చెయ్యే రాస్తోంది.

ఆవిడ భర్త చిన్న వయసులోనే ఒక సమ్మె గొడవలో రాయి తగిలి చనిపోయారు. విసిరిందెవరో ఈనాటికీ తేలలేదు. ఇంతమందిని ఎలా ప్రేమిస్తారని ఒకసారి అడిగాను. "ఎవడో తెలిస్తే ఆడొక్కడ్నే క్షమించి ఊరుకుందును. తెలీదు కదా, అందర్నీ క్షమించాల్సి వస్తంది. నా కర్మ" అన్నారు. అంటూనే నా కంచంలో ఇంకో గరిటె వడ్డించారు. ఆవిడ క్షమాగుణం అలా ఉండేది, విసుక్కుంటూనే అక్షయంగా.

కిందటి యూనియన్ ఎన్నికలప్పుడు కాలనీ రెండు జెండాల కింద చీలిపోయింది. ఆ కొట్లాటలో మా అబ్బాయి సింహాచలం కుడి చెయ్యి విరిగింది. విరగ్గొట్టినవాడు అప్పలరాజు, మావాడితో ఒకే గ్యాంగులో బరువులు మోసినవాడు, బావా అని పిలుచుకున్నవాడు. కట్టు విప్పాక వాడి సంగతి చూస్తానని మావాడు నలుగురిలో అన్నాడు. అన్నది చేసే రకం. ఎవరింట్లో శవం లేస్తుందో, ఎవరి పిల్లడు జైలుకి పోతాడో అని నాకు అన్నం సయించేది కాదు.

కట్టు విప్పిన నెలకి ఈస్టరు వచ్చింది. ఏటా చర్చిలో ప్రేమవిందు పెడతారు, మతంతో పని లేదు, కాలనీ అంతా తింటాం. ఈసారికి వాయిదా వేద్దామని పాస్టరు గారు అన్నారట. "గొడవలన్నీ అయ్యాకే పండగంటే మన జన్మలో పండగ రాదు" అని టీచరు గారు తన పెరట్లోనే పొయ్యి వెలిగించి, రెండు జెండాల వాళ్ళ వీధులూ తిరిగి పిలుపులు చెప్పారు.

పులావు గుండిగని చర్చికి చేర్చాలి. చెవుల్లోంచి వెదురు బొంగు దూర్చి, ముందొకరు వెనకొకరు భుజాన మోయాలి. ముందుకి సింహాచలాన్ని, వెనక్కి అప్పలరాజుని పిలిచారు. మిగతావాళ్ళకి మోత పని రాదన్నారు. అక్కడున్న మగాళ్ళంతా మోత పనోళ్ళే. ఆవిడ మాటకి ఎదురు చెప్పలేక ఇద్దరూ మొహాలు ముడుచుకుని బొంగెత్తారు.

మోత పనిలో ఒక కట్టుబాటు ఉంది. ముందు నడిచేవాడు దారి చెప్పాలి, వెనకవాడికి బరువే తప్ప నేల కనపడదు. టీచరు గారి నాన్న కూడా పోర్టులో బరువులు మోసిన కళాసీయే, ఆవిడకి ఆ సంగతి తెలుసు. దారిలో పైపుల కోసం తవ్విన గుంట ఉంది. ఆ సంగతీ తెలుసు.

మావాడు ఆ గుంటని అంగేసి దాటాడు. నోరు విప్పలేదు. గుండిగ గుంట మీదకొచ్చింది. మావాడు చెయ్యి ఎత్తక్కర్లేదు, ఊరుకుంటే చాలు, అప్పలరాజు కాలు గుంటలో పడి పొగలు కక్కే పులావు వాడి మీద పడుతుంది.

మావాడు ఆగాడు. వెనక్కి తిరక్కుండానే అన్నాడు, "గుంట, బావా. పెద్ద అంగెయ్."

"ఏత్తన్నాను" అన్నాడు అప్పలరాజు. దాటాక, "సెయ్యి నొప్పెడతందేటి?" అన్నాడు.

"నువ్విరగ్గొట్టింది కుడి సెయ్యి. మోసేది ఎడం బుజం. నడు."

వెనక నుంచి టీచరు గారు కేకేశారు, మాటలాపండర్రా, పులావు సల్లారిపోతందని. నవ్వొచ్చి ఇద్దరి భుజాలూ కదిలితే గుండిగ ఊగింది, దానికీ తిట్లు తిన్నారు. ఆరోజు నేను ఎంత తిన్నానో చెబితే బాగుండదు.

జెండాలు పోలేదు. ఇప్పటికీ అరుచుకుంటారు. చెయ్యి మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. మనుషులు బాగుపడతారని ఆవిడ నమ్మినంత గట్టిగా నేను నమ్మను. ఆవిడ నమ్మారు కాబట్టి నా కొడుకు సాయంత్రానికి ఇంటికొస్తున్నాడు.

ఆ ధన్యజీవి లేని లోటు తీరుస్తామని ఎవరూ మైకు పట్టుకోవద్దు, తీరదు. వచ్చే ఈస్టరుకి పొయ్యి వెలిగించేది నేను. ఉప్పెక్కువైతే నన్ను తిట్టేవాళ్ళు లేరు, టీచరు గారూ. కాస్త ఎక్కువే వేస్తాను, ఎక్కడున్నా ఒక కేకెయ్యండి.