నాచు చారు

హేదమ్ పచ్చిక మీద గొంతుక్కూర్చుని, బంతి దొర్లాల్సిన వాలును గాలిలోనే అరచేత్తో నిమురుతుంది, నిద్రపోతున్న పిల్లను జోకొట్టినట్టు. మా కొరియా దీవి జెజు పొగమంచులో ఆమె గోల్ఫ్ కర్రతో నడిచొస్తుంటే ఎవరి కలలోంచో వస్తున్నట్టుంటుంది. పోటీ రోజుల్లో మాత్రం నాచు చారు ముట్టదు. నాచు జారుడు కదా, తాగితే గెలుపూ జారిపోతుందని మా కొరియా వాళ్ళందరి భయం. వాళ్ళమ్మయితే జారడమన్న మాటే నోట రానివ్వదు. ఈసారి పోటీ ఆఖరి రోజునే హేదమ్ పుట్టినరోజు పడింది. మాకు పుట్టినరోజంటే నాచు చారు తాగాల్సిందే. కానీ ఓడితే వచ్చే ఏడాది పెద్ద పోటీల్లో చోటుండదు; అందుకే అమ్మ వండి కూడా గిన్నె దాచేసింది.

"వాసనొస్తోందమ్మా, ఇటు తే."

"పిచ్చిదానా, ఇప్పుడా? ఆటయ్యాక తాగుదువుగాని."

హేదమ్ గిన్నె లాక్కుని ఖాళీ చేసి, మూతి తుడుచుకుంది. "జారాల్సింది బంతే కదమ్మా."

సాయంత్రం చివరి గుంట అంచున బంతి తటపటాయించింది. చూసేవాళ్ళను ఆపే తాడు ఇవతల అమ్మ కళ్ళు మూసుకుంది.

"జారవే తల్లీ," అంది, "జారు."