ఆలంబీ రాసిన బస్సుల సైటు

ఆలంబీ బొల్లారంలో ఒక మందుల కంపెనీలో పద్దెనిమిదేళ్లుగా మాత్రల డబ్బాలకు లేబుళ్లు అంటిస్తోంది. చదువు పదో తరగతితో ఆగింది. నలభై దాటాక ఫోన్లో పాఠాలు వింటూ కోడింగ్ మొదలుపెట్టి, రెండేళ్లకు ఒక వెబ్‌సైటు తయారుచేసింది. కంపెనీ బస్సు ఏది ఎక్కడిదాకా వచ్చిందో అందులో కనబడుతుంది.

మొదటిరోజు మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు వదలగానే నాలుగు వందల మంది ఒకేసారి తెరిచారు. సైటు బిగుసుకుపోయింది.

"ఇంతకంటే బస్సే జల్దీ వస్తది ఆపా," అన్నాడు బస్సుల ఇన్‌ఛార్జి జైపాల్. అందరూ నవ్వారు.

ఆలంబీ ఆ రాత్రే ప్రోగ్రాము ముందేసుకుని కూర్చుంది. వారం రోజులు వెతికితే తప్పు దొరికింది. ఒకరు అడిగితే, బస్సులోని జీపీఎస్ నుంచి జవాబు వచ్చేదాకా ప్రోగ్రాము ఊరికే కాచుకుని కూర్చుంటోంది. అప్పటిదాకా తక్కినవాళ్లంతా ఆగాల్సిందే. ఆమె దాన్ని మొదటినుంచి తిరగరాసింది. ఇప్పుడది ఒక జవాబు వచ్చేలోగా మిగతావాళ్లు అడిగేది కూడా అందుకుంటుంది. ఏ జవాబు ముందొస్తే దాన్ని ముందు పంపేస్తుంది.

సోమవారం రెండింటికి గేటు దగ్గర మళ్లీ అందరూ సైటు తెరిచారు. ఈసారి ఎవరి ఫోనూ ఆగలేదు.

"నాది వచ్చింది."

"నాది గూడ. పటాన్‌చెరు బస్సు మూల తిరుగుతున్నది సూడు."

వాళ్లు తలెత్తేసరికి బస్సు నిజంగానే మూల తిరుగుతోంది.

జైపాల్ ఆమె దగ్గరికొచ్చాడు. "ఆపా, ఆనాడు నవ్విన, ఏమనుకోకు. మేనేజర్ సారు పిలుస్తుండు. మిగిలిన రెండు యూనిట్లకు గూడ నువ్వే రాయాల్నట."

"రాస్త," అంది ఆలంబీ. "గని లేబుళ్లు అంటిచ్చుకుంట కాదు. నాకొక కుర్చీ, కంప్యూటర్ ఇయ్యమను."

ఆ నెలాఖరులోపే రెండూ ఇచ్చారు.