దూలం కింద జానెడు సందు

మా ఇంటిని చూపించి గాలి ఆడే ఇల్లని ఊళ్ళో గొప్పగా చెప్పుకునేవారు. అదే మాటను ఎవరో నా హాల్లో నిలబడి తప్పులాగా చెప్పే రోజు వస్తుందని నేను అనుకోలేదు.

ముత్తుకూరు దగ్గర పనిచేసే ఒక కంపెనీ తన ఇంజనీర్ల కోసం అద్దె ఇళ్ళు వెతుకుతోంది. మా హాలూ దాన్ని ఆనుకున్న మూడు గదులూ వాళ్ళకు నచ్చాయి. వాటిని ఇచ్చేసి వెనక వంటింట్లో, రెండు చిన్న గదుల్లో నేనూ నా భార్యా సర్దుకోవచ్చు. అప్పులు మెడ మీదున్నాయి, అది కుదరకపోతే మా వాటా అమ్మడం తప్ప దారి లేదు. సగం ఇల్లు ఎవరు కొంటారు? గోడకు అవతల ఉండే మా చిన్నాయన కొడుకు, నాకు తమ్ముడు, అతనొక్కడే కొంటాడు. ఇల్లు రెండు వాటాలయ్యాక అతని గడప నేను తొక్కలేదు, నా గడప అతను తొక్కలేదు. రోడ్డు మీద ఎదురైతే తల ఊపుకుంటాం, అంతే.

ఏసీల కరెంటు బిల్లు కంపెనీయే కడుతుంది. అందుకని చల్లదనం ఎంత బయటికి పోతుందో పరీక్ష చేయించందే సంతకం పెట్టరట. నెల్లూరు నుంచి ఒక ఇంజనీరమ్మ, ఆమెతో ఒక సహాయకుడు కారులో సామాన్లు వేసుకుని వచ్చారు.

ఆమె మొదట వేడిని రంగుల్లో చూపే కెమెరా పట్టుకుని గోడల వెంట తిరిగింది. పడమటి గోడ తెరమీద ఎర్రగా కనిపించింది. "ఎండంతా ఈ గోడే తాగేస్తోందండీ" అంది. ఆ గోడ మందం ఎంతో చెప్పబోయాను. ఆమె అప్పటికే పక్క గదిలో ఉంది.

తరువాత సింహద్వారం తలుపులు బార్లా తెరిచి, ఆ చట్రంలో ఎర్ర గుడ్డ బిగించి, గుడ్డ మధ్యలో పెద్ద ఫ్యాను పెట్టారు. కలెక్టర్లు తలవంచి వచ్చిన ద్వారం అది. దానికి గుడ్డ కట్టడం చూస్తూ ఊరుకోవడం నాకు కష్టమైంది. ఫ్యాను లోపలి గాలిని బయటికి తోడేస్తుందట. అప్పుడు ఇంట్లో ఎక్కడ సందు ఉంటే అక్కడినుంచి బయటి గాలి లోపలికి దూరుతుంది. ఎంత దూరుతుందో లెక్క తేలాలంటే లోపలికీ బయటికీ గాలి ఒత్తిడిలో తేడా మీటరు మీద ఒక గీత దాకా ఎక్కాలట, పెద్ద సందుంటే ఎక్కదట.

"కిటికీలన్నీ మూసేశాం. వెనక వైపు తలుపు కూడా వేశాం. ఇంకేమైనా తెరిచి ఉన్నవి ఉన్నాయా అండీ?" అని అడిగింది.

"బర్మా టేకు తలుపులమ్మా. మా ఇంట్లో సందులుండవు" అన్నాను.

ఫ్యాను హోరెత్తింది. మీటరు మాత్రం ఆమెకు కావలసిన గీత దాకా ఎక్కలేదు. వేగం పెంచారు. మళ్ళీ ఎక్కలేదు. కిటికీ రెక్కల చుట్టూ టేపు అంటించారు. నా ఓపిక నశిస్తోంది. ఆమె అగరొత్తి వెలిగించి ఒక్కో మూలా తిరుగుతుంటే, పొగకన్నా ముందు వాసన వచ్చింది. చేపల పులుసు వాసన. మా ఇంట్లో ఆ పూట పొయ్యే వెలిగించలేదు.

ఆమె తలెత్తి వాటాల గోడ పైకి చూసింది. గోడకూ దూలానికీ మధ్య జానెడు ఖాళీ, హాలు ఈ చివరనుంచి ఆ చివరకు.

"గాలంతా ఇక్కడే ఆడుతోంది. అడిగితే చెప్పలేదేమండీ?"

చెప్పాలని తోచనేలేదు. దాన్ని మేము సందు అనుకోము. గోడ కట్టేటప్పుడు మా నాయన పెట్టిన షరతు అది. దూలం అన్నదమ్ములిద్దరిదీ, గోడ దానికి తగలకూడదు, ఒకే దూలం కింద ఉన్నంతకాలం ఇల్లు ఒకటే అన్నాడు. మా చిన్నాయన ఒప్పుకున్నాడు. మేస్త్రీ అక్కడికి ఆపేశాడు.

అంతలో ఆ ఖాళీలోంచే గొంతు వినిపించింది. "ఏందన్నా, పులుసు మా ఇంట్లో కాగతా ఉంటే వాసనంతా నువ్వు లాక్కుంటుండావే. అడిగుంటే గిన్నెడు పంపిచ్చేవాణ్ణి గదా."

సహాయకుడు నవ్వు ఆపుకోలేక గుడ్డ వైపు తిరిగాడు. నా చెవులు కాలిపోయాయి.

ఇంజనీరమ్మ గోడకేసి చూసి గొంతు పెంచింది. "సార్, ఒక్క పది నిమిషాలు పొయ్యి ఆర్పి, మీ తలుపులూ కిటికీలూ మూస్తారా?"

"మూస్తానమ్మా, అదెంత పని. మా అన్నను వచ్చి అడగమను."

నేను కదల్లేదు. వెనక తలుపు తీసి నా భార్య వచ్చింది. "ఇల్లు పోతే ఏ గడపలుంటాయి మనకు? పోయి రాండి" అంది, మెల్లగా. ఆ సందు కింద మేమెప్పుడూ మెల్లగానే మాట్లాడుకుంటాం.

పెరటి దారిన వెళ్ళాను. తమ్ముడు గరిటె చేత్తో గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. "తలుపులు మూయాలంట" అన్నాను.

"కూర్చో అన్నా."

"కూర్చునేదానికి రాలేదు."

"నాకు తెలుసులే" అని గరిటె పక్కన పెట్టి, ఒక్కో కిటికీ తనే మూశాడు.

ఈసారి మీటరు ఎక్కింది. ఆమె ముఖం విప్పారింది. "మిగతా ఇల్లు బాగానే ఉందండీ. ఆ ఖాళీ ఒక్కటి మూయించండి. మళ్ళీ వచ్చి చూసి పాసని రాసిస్తాను."

ఆ మాట గోడ అవతలికీ చేరింది. "తలుపులు మూయమన్నావు, మూసినాను" అన్నాడు తమ్ముడు. "దూలం కింద పూడ్చేదానికి మాత్రం నేను ఒప్పుకోనన్నా. పెదనాయన మాట అది. ఆయన మాట నేను దాటను."

జీవితంలో మొదటిసారి అతను మా నాయన మాట గౌరవిస్తున్నాడు, అదీ ఈ రోజే. కొనాలన్న ఆశతో అన్నాడో, నిజంగానే అన్నాడో నేటికీ తెలియదు.

"మీ వైపునుంచే మూసేయొచ్చండీ. ఆయన సంతకమేమీ అక్కర్లేదు" అంది ఇంజనీరమ్మ. నా భార్య నా ముఖంలోకి చూసింది.

నాయన మాటను తమ్ముడు నిలబెడితే, దాన్ని పూడ్చి అద్దె తినేవాణ్ణి నేనా? "వద్దమ్మా. ఉన్నదున్నట్టు రాసుకో" అన్నాను.

నా భార్య వెనక తలుపు వేసుకుని వెళ్ళిపోయింది. ఒక మాట అని ఉంటే బాగుండేది.

కంపెనీ ఊరి బయట కట్టిన కొత్త ఇల్లు తీసుకుంది. మా వాటా తమ్ముడికే అమ్మేసి నెల్లూరులో అద్దె ఇంటికి వచ్చేశాం. నెల తిరక్కుండానే అతను వాటాల గోడ మొత్తం కొట్టించేశాడని కూరగాయల మార్కెట్లో మా ఊరివాడొకడు చెప్పాడు. "ఇప్పుడు మళ్ళీ పెద్ద హాలన్నా, చూసేదానికి రెండు కళ్ళు చాలవు" అన్నాడు. నేను వంకాయలు ఏరుకుంటూ ఉండిపోయాను. ఇంటికొచ్చి ఆ సంగతి నా భార్యకు చెప్పలేదు. ఆమెకు అప్పటికే తెలుసు.