కడిగిన రోల్

నా చిన్నప్పుడు మా జహీరాబాద్‌లో ఫోటో 'కడగడం' అనేవారు. తీసిన ఫోటో చేతికి రావాలంటే కడగాలి, అంతే. చీకటి గది, మందునీళ్లు, అన్నీ ఆ ఒక్క మాటలో సర్దుకునేవి. ఆ మాటే కొంప ముంచిందని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. ముంచింది నేను. తప్పు ఎవరో ఒకరి మీదికి నెట్టడం నాకు పుట్టుబుద్ధి.

పదహారేళ్లకు నన్ను హైదరాబాద్‌లో ఆడపిల్లల కాలేజీలో పి.యు.సి.లో చేర్చారు. మా నాయనకు అసలు ఇష్టం లేదు. చెరుకు పొలం గురించిగానీ, ఇంటి గురించిగానీ ఏనాడూ నోరెత్తని మా అమ్మ, నా చదువు కోసం మాత్రం రెండు రోజులు అన్నం ముట్టకుండా కూర్చుని ఆయన్ని ఒప్పించింది. కాలేజీలో మా ఫిజిక్స్ మేడం శనివారాలు ఫోటోగ్రఫీ క్లాసు చెప్పేది. ఒక శనివారం ఎర్ర దీపం కింద, తొట్టిలో వేసిన తెల్ల కాగితం మీద, హాస్టల్ మెట్ల దగ్గర విడిచిన చెప్పుల జత బొమ్మ మెల్లగా తేలింది. అవి నా చెప్పులే. మడమల దగ్గర అంతగా అరిగాయని, రోజూ వేసుకునే నాకే తెలియదు. ఇక ఆ రోజు నుంచి నాకు వేరే చదువు తలకెక్కలేదు.

డిసెంబరు సెలవులకు మేడం కాలేజీ డబ్బా కెమెరా, పన్నెండు ఫోటోల రోల్ ఒకటి నాకిచ్చి, మీ ఊరిని తెచ్చి చూపించమంది. చెరుకు బండ్లు, అల్లం తవ్వుతున్న ఆడవాళ్లు, బొంబాయి రోడ్డు మీద లారీ కింద దూరి మరమ్మతు చేసుకుంటున్న డ్రైవరు, ఇలా పదకొండు అయిపోయాయి. పన్నెండోది మా అమ్మకని దాచాను. అప్పటివరకు ఆమె ఫోటో దిగి ఎరగదు. రెండు రోజులు బతిమాలించుకుని, మూడో రోజు తలస్నానం చేసి, నారాయణపేట చీర కట్టుకుని గడప మీద కూర్చుంది. ఊపిరి బిగపట్టాలా, వదలాలా అని అడిగింది. అలా అడిగినందుకు తనకే నవ్వొచ్చి, పళ్లన్నీ కనిపించేలా నవ్వేసింది. అప్పుడే నొక్కాను.

"ఏది బిడ్డా, జర చూపియ్యి," అంది.

"ఇప్పుడే యాడ వస్తదే? రోల్ కడగాలె," అన్నాను. అంతకంటే వివరంగా చెప్పాలని నాకు తోచలేదు. ఆమెకు చెబితే మాత్రం ఏం తెలుస్తుందిలే అనుకున్నాను.

మర్నాడు పొద్దున స్నేహితురాలింటికి వెళ్లి వచ్చేసరికి, పెరట్లో దండెం మీద నా రిబ్బన్ల మధ్య రోల్ వేలాడుతోంది. అమ్మ దాన్ని పట్టపగలు విప్పి, గోలెం దగ్గర కూర్చుని నీళ్లలో జాడించింది. వెలుతురు తగిలిన క్షణమే పన్నెండు ఫోటోలూ పోయాయి.

"సబ్బు పెట్టలే బిడ్డా, ఉత్త నీళ్లే. చేతికి జారుతున్నదని రుద్దలే గూడ," అంది సంబరంగా. "రేపు బస్సుకు పోతవ్ గదా, నీకు పని తక్కువైతదని కడిగిన. బొమ్మలే కనవడ్తలేవు. ఎండినంక వస్తయా?"

నాకు ఒళ్లు మండిపోయింది. "సదువు రానిదానివి, నీకెందుకే ఈ పని? నీ మొఖానికి ఫోటో ఒక్కటే తక్కువైందా!" అని అరిచాను.

అమ్మ ఆ రోల్‌ను దండెం మీది నుంచి తీసి, బట్టను మడిచినట్టు మడిచి నా చేతిలో పెట్టింది. మర్నాడు ముభావంగా బస్సెక్కాను.

కాలేజీలో నేను ఇంకా దిగజారాను. మా అమ్మ రోల్‌ను బట్టల్లాగా ఉతికి ఆరేసిందని, క్లాసులో అభినయించి మరీ చెప్పాను. ఆడపిల్లలు పడీ పడీ నవ్వారు. మేడం నవ్వలేదు. "కడగాలని ఆమెకు చెప్పింది నువ్వే కదా. ఎలా కడుగుతారో ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది.

ఆ తర్వాత నాకు సొంత కెమెరా వచ్చింది. సెలవులకు వెళ్లినప్పుడల్లా అమ్మను కూర్చోమనేదాన్ని. "నా మొఖానికెందుకు బిడ్డా," అని లేచి పనిలోకి వెళ్లిపోయేది. అలిగి కాదు, దెప్పడానికీ కాదు. నేను చెప్పింది నిజమని నమ్మేసింది, అంతే. ఆ రోజు కోపంలో నోరు జారానమ్మా అని ఒక్కసారి అని ఉంటే కూర్చునేదేమో. అమ్మకు క్షమాపణ చెప్పుకోవడమేమిటని నామోషీ. రేపు చెబుదాం, వచ్చే సెలవుల్లో చెబుదాం అనుకుంటూ మూడేళ్లు గడిపాను. నాలుగో ఏడు వానాకాలంలో జ్వరం వచ్చి, వారం తిరక్కుండానే అమ్మ పోయింది.

పదకొండో రోజు మా నాయన నా దగ్గరికొచ్చి, "దునియాల అందరివి తీస్తివి. అమ్మదొక్కటి ఇయ్యి బిడ్డా, పెద్దగ చేపిస్త," అన్నాడు. లేదని చెప్పాను. ఎందుకు లేదో చెప్పలేదు. ఆయన పోయేదాకా చెప్పలేదు.

ఇప్పుడు నా మనవరాలు, ముత్తవ్వ ఎట్లుండేదని అడుగుతుంది. పళ్లన్నీ కనిపించేలా నవ్వేదని చెబుతాను. చెబుతున్నంతసేపూ నా కళ్ల ముందుండేది మాత్రం దండెం కింద తడి చేతులతో నిలబడి, నా మాటకు నవ్వు చచ్చిపోయిన ముఖం.