టిప్పర్ తొట్టి కింద

మా ఆయన అనంతపురం మునిసిపాలిటీలో చెత్త బండి తోలేవాడు. మొదట్లో అది ఎద్దుల బండి. నేను పామిడి నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన చొక్కాల నిండా ఎద్దుల వాసనే. అరవైలు మొదలయ్యాక ఎద్దులను వేలం వేసి, వాటికి బదులు ఒక టిప్పర్ లారీ తెచ్చారు. వెనక తొట్టి దానంతటదే పైకి లేచి చెత్తంతా కుమ్మరించే బండి ఊళ్లో అదే మొదటిది. దాన్ని చూడటానికి జనం చెత్తదిబ్బ దాకా నడిచిపోయారు. నేనూ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పోయాను. తొట్టి లేస్తున్నప్పుడు ఆయన ముఖం చూశాను. చర్చిలో మా పెళ్లినాడు కూడా ఆ ముఖంలో అంత సంతోషం లేదు. ఆ మాట అంటే పగలబడి నవ్వాడు.

అన్నం తినేటప్పుడు కూడా ఆ బండి కబుర్లే. నేను మిషన్ బడిలో ఎనిమిది దాకా చదివాను కాబట్టి నాకు అర్థమవుతుందని ఆయన నమ్మకం.

“లోపల ఒక జాకీ ఉండాది. దాంట్లోకి ఆయిల్ తోస్తే తొట్టి లేస్తాది. ఆయిల్ వదిలితే దిగుతాది. ఆ బరువంతా ఆయిల్ మీదనే నిలబడి ఉంటాది, తెలుసునా?”

“ఆయిల్ కారిపోతే?”

“కూలుతాది. కేక పెట్టే టైము కూడా ఇయ్యదు.”

అందుకే తుమ్మ మొద్దు ఒకటి కోయించి, పగలకుండా రెండు చివరలా ఇనుప పట్టీలు వేయించాడు. తొట్టి పైకెత్తి కింద గ్రీజు పెట్టాలన్నా, బురద తుడవాలన్నా ముందు ఆ మొద్దు నిలబెట్టాల్సిందే. బండి మీద క్లీనరుగా ఉన్న పెద్దాయన ఒకసారి మొద్దు పెట్టకుండా లోపలికి చెయ్యి చాచాడట. వయసులో తండ్రి లాంటి వాడిని పట్టుకుని మా ఆయన తిట్టి, ఇంటికొచ్చి బాధపడ్డాడు. “తిట్టకపోతే వినడు. మొద్దు లేకుండా వేలు కూడా పెట్టకూడదు” అన్నాడు.

రోజూ పొద్దున్నే పైపులన్నీ గుడ్డతో తుడిచి, ఎక్కడైనా తడి ఉందేమో చూసేవాడు. ఆయిల్‌లో దుమ్ము పడితే జాకీ పాడవుతుందని వడగట్టి పోసేవాడు. దానికి మెత్తటి గుడ్డ కావాలని నా పెళ్లి చీర చెంగు అడిగాడు. ఇవ్వనన్నాను. ఆయిల్‌లో నలక చూసే అలవాటు వంటింట్లోకీ వచ్చింది. నేను బుడ్డల నూనె, అదే వేరుశనగ నూనె, తెస్తే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక చుక్క రుద్ది, “నలక లేదు, మంచి నూనే” అనేవాడు. నాకు నవ్వాగేది కాదు.

తర్వాత కరువు వచ్చింది. మాకు కరువు కొత్త కాదు గానీ, ఆసారి తాగే నీళ్లకే వచ్చింది. బుడ్డలు విత్తిన చేలల్లో విత్తనం కూడా తిరిగి రాలేదు. కంబదూరు వైపు నుంచి మనుషులు పిల్లలనూ మూటలనూ మోసుకుని ఊళ్లోకి వచ్చారు. ఊళ్లో బావులు అడుగంటాయి. మునిసిపాలిటీ వాళ్లు టిప్పరును కడిగించి, అందులో పీపాలు పెట్టి, ఊరి బయట ఒక తోట బావి నుంచి వీధులకు నీళ్లు తోలించారు. చెత్త బండిలో నీళ్లా అని ముక్కు చిట్లించిన వాళ్లే, తర్వాత దాని హారన్ కోసం చెవులు రిక్కించి కూర్చున్నారు. ఆయన నీళ్ల ట్రిప్పు తోలి, మధ్యలో చెత్త ట్రిప్పు తోలి, బండి కడిగి మళ్లీ నీళ్లకు పోయేవాడు. తినడానికి ఇంటికి రావడం మానేశాడు.

ఆ రోజు నేనూ బిందె పెట్టుకుని మా వీధి వరుసలో నిలబడి ఉన్నాను. ఎండ ఎక్కింది. బండి రాలేదు.

“యాడ పోయినాడే మీ ఆయన? మా గొంతులు ఎండిపోతాండాయి” అంది వెనకున్నామె.

“వస్తాడులేమ్మా, దారిలో ఉంటాడు” అన్నాను.

సైకిల్ మీద మునిసిపాలిటీ మనిషి వచ్చాడు. దిగి, వరుసలో ఆడవాళ్ల ముఖాలు చూసుకుంటూ నా దగ్గర ఆగాడు. అతను ఏం చెప్పకముందే నా చేతిలోంచి బిందె జారిపోయింది.

చెత్తదిబ్బ దగ్గర జరిగింది నాకు క్లీనరు పెద్దాయనే చెప్పాడు. సమాధి అయిన తర్వాత ఒక మధ్యాహ్నం మా ఇంటికొచ్చి, గడప లోపలికి రాకుండా బయటే కూలబడ్డాడు.

“చెత్త పోసినాంక తొట్టి దిగలేదమ్మా. లివర్ లాగినా దిగలేదు. ‘మొద్దు తీసుకురా మామా’ అన్నాడు. చూస్తే మొద్దు లేదు. పొద్దున బావి కాడ పీపాలు దొర్లించి ఎక్కించే చెక్క పలక కింద ఆసరాకు పెట్టినారు, తొందరలో ఆడనే ఉండిపోయింది. ‘సరే, పెద్ద రాయి ఒకటి చూసి తే, అంతవరకూ నేను దీని జోలికి పోను’ అన్నాడు. నేను గుట్ట వైపు పోయినా.”

నేనే అడిగాను. “మరి తొట్టి కిందికి ఎందుకు వంగినాడు?”

“ఏమో తల్లీ. ఆడ నీళ్లకు జనం కాచుకోని ఉండారు అని పొద్దుటి నుంచి ఒకటే మాట. తొట్టి కింద లివర్ కడ్డీ కాడ ఇరుక్కున్న మట్టి ఒక్కటీ తీసేద్దామనుకున్నాడేమో. నేను రాయి ఎత్తుకోని వస్తాంటి. సప్పుడైంది. అంతే.”

“ఆ రాయి ఏం చేసినావు?”

“నా చేతుల్లోనే ఉండిందమ్మా. దించాలని కూడా తెలీలేదు. ఎవరో వచ్చి తీసినారు.”

ఇద్దరం ఏడ్చాం. పెద్దాయన ఆ తర్వాత పని మానేసి తన ఊరికి వెళ్లిపోయాడు.

ఇంకొక సంగతి రాయకపోతే నా మనసు ఊరుకోదు. ఆయనను ఇంటికి తెచ్చిన సాయంత్రం, స్నానం చేయించడానికి మా ఇంట్లో నీళ్లు లేవు. కుండ అడుగున గుక్కెడు ఉన్నాయి. మా అత్త ఆ కుండను వంచి చూసి, అలాగే పట్టుకుని నిలబడిపోయింది. అప్పుడు వరుసలో నా వెనకున్నామె ఒక చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆమె వెనక ఇంకొకామె. వీధి వీధంతా వచ్చింది, చెంబుతో కొందరు, గ్లాసుతో కొందరు. వాళ్ల పిల్లలు ఆ రాత్రి ఏం తాగారో నేను అడగలేదు. ఆ నీళ్లతోనే ఆయన ఒంటి మీది ఆయిల్ కడిగాం. పూర్తిగా పోలేదు.

ఆ నెలలోనే వాన పడింది. జనం వీధుల్లోకి వచ్చి అరుస్తూ తడిశారు. నేను తలుపు వేసుకున్నాను.

బతకాలి కాబట్టి వీధులూడ్చే పని ఇమ్మని అడిగితే ఇచ్చారు. నేను ఊడ్చి కుప్పలు పెడితే, ఎత్తుకుపోవడానికి అదే లారీ వచ్చేది. దాన్ని తోలడానికి గుత్తి నుంచి ఒక కొత్త డ్రైవరు వచ్చాడు, నాకన్నా చిన్నవాడు. బండి బయలుదేరేముందు నేను రోజూ అడిగేదాన్ని. “మొద్దు ఉండాదా అప్పా?” ఉందనేవాడు. నేను పోయి కళ్లతో చూసుకునేదాన్ని. ఒకరోజు అందరి ముందూ విసుక్కున్నాడు.

“ఏమక్కా, దినమ్మూ ఇదే పాట? నాకు పని తెలీదనా?”

“ఆయనకూ తెలుసప్పా” అన్నాను.

మర్నాటి నుంచి నేను అడగకముందే మొద్దు తట్టి చూపించి, “ఉండాదక్కా” అని చెప్పి బండి తీసేవాడు. ఆ మాటతో నా మనసు కుదుటపడుతుందని తోటి ఆడవాళ్లు అనుకునేవారు. ఎప్పుడూ కుదుటపడలేదు. లారీ మలుపు తిరిగేదాకా చూసి, చీపురు తీసుకుని పక్క సందులోకి పోయేదాన్ని.